ధర పెంచితే ఎంతమంది వెళ్లిపోతారు?

ఏదో ఒకటి అమ్ముకుని బతికే ప్రతివాళ్లనీ రెండు భయాలు వెంటాడుతుంటాయి. ధర పెంచితే గిరాకీ పోతుందని ఒకటి, పెంచకపోతే గిట్టుబాటు కాదని ఇంకొకటి. ఈ రెండింటి మధ్య నలిగి కొందరు ఏళ్ల తరబడి పాత ధరకే అమ్ముకుంటూ కూర్చుంటారు. ఇంకొందరు పక్కవాడు పెంచాడని విని తెల్లారేసరికి బోర్డు మార్చేస్తారు. రెండూ లెక్క చూసుకోకుండా చేసే పనులే.

ఈ లెక్కకి అర్థశాస్త్రంలో ఉన్న పేరు వ్యాకోచత్వం. ఇంటర్లో ఎకనామిక్స్ చదివినవాళ్లకి డిమాండ్ వ్యాకోచత్వం నిర్వచనం, అయిదు రకాల రేఖాపటాలు లీలగా గుర్తుండొచ్చు. పరీక్షలో అయిదు మార్కులు తెచ్చుకోవడానికి తప్ప అది ఇంకెందుకు పనికొస్తుందో అప్పుడు ఎవరూ చెప్పి ఉండరు. నన్నడిగితే ఆ పుస్తకం మొత్తంలో చిన్న వ్యాపారికి, రైతుకి, ఉద్యోగికి నేరుగా డబ్బు తెచ్చిపెట్టే పాఠం అదొక్కటే. పటాలు అక్కర్లేదు. కాగితం, పెన్ను ఉంటే చాలు.

ఇడ్లీ ప్లేటు లెక్క

బస్టాండు దగ్గర ఒక టిఫిన్ సెంటర్ ఉందనుకుందాం. పొద్దున ఆరింటి నుంచి పదిన్నర దాకా 200 ప్లేట్ల ఇడ్లీ పోతుంది. ప్లేటు 40 రూపాయలు. మినప్పప్పు, రవ్వ, చట్నీకి పల్లీలు, గ్యాసు, పార్శిల్ కవర్లు అన్నీ కలిపి ప్లేటుకి 25 పడుతుంది. అద్దె, వంటమనిషి జీతం ఎన్ని ప్లేట్లు అమ్మినా మారవు కాబట్టి వాటిని కాసేపు పక్కన పెడదాం. గల్లాపెట్టెలోకి రోజుకి 8,000 వస్తుంది. సరుకు ఖర్చు 5,000 పోను 3,000 మిగులుతుంది. అద్దె, జీతాలు, ఇంటి ఖర్చు అన్నీ ఆ మూడు వేలలోంచే వెళ్లాలి.

ఓనరు ప్లేటు 45 చేద్దామనుకుంటున్నాడు. అంటే పన్నెండున్నర శాతం పెంపు. ఎంతమంది మానేస్తారో ఆయనకి తెలియదు. మూడు రకాలుగా వేసి చూద్దాం.

ఇరవై ప్లేట్లు తగ్గి 180 దగ్గర ఆగితే, గల్లాలోకి 8,100 వస్తుంది. ప్లేటుకి ఇప్పుడు 20 మిగులుతుంది కాబట్టి మిగులు 3,600. రెండూ పెరిగాయి. నలభై ప్లేట్లు తగ్గి 160కి వస్తే, గల్లా 7,200కి పడిపోతుంది. సాయంత్రం నోట్లు లెక్కపెట్టుకునే మనిషికి గుండె జారుతుంది. కానీ మిగులు చూడండి: 3,200. మునుపటికంటే రెండు వందలు ఎక్కువే, పైగా నలభై ప్లేట్ల చాకిరీ తగ్గింది. అరవై తగ్గి 140 అయితే మాత్రం గల్లా 6,300, మిగులు 2,800. అప్పుడు నష్టమే.

మరి ఎక్కడిదాకా తట్టుకోవచ్చు? ఇప్పటి మిగులు 3,000ని, కొత్త ధరలో ప్లేటుకి మిగిలే 20తో భాగిస్తే 150 వస్తుంది. అంటే యాభై ప్లేట్లు పోయేదాకా భయం లేదు. ఇప్పుడు ఇదే ఓనరు, గిరాకీ పెంచుకుందామని ధర 35కి తగ్గించాడనుకోండి. ప్లేటుకి మిగిలేది పది రూపాయలే. పాత మూడు వేలు రావాలంటే 300 ప్లేట్లు అమ్మాలి. ఉన్న గ్రైండరు, ఉన్న ఇడ్లీ పాత్రలు, పదిన్నరకి ముగిసిపోయే టిఫిన్ల వేళ, వీటితో మూడొందల ప్లేట్లు అయ్యే పనేనా? ఐదు పెంచితే యాభై మంది పోయినా ఫర్వాలేదు, ఐదు తగ్గిస్తే వంద మంది కొత్తగా రావాలి. తగ్గించడమే తెలివైన పని అనుకునేవాళ్లు ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని చూడాలి.

ధర ఎంత శాతం మారితే అమ్మకం ఎంత శాతం మారింది అన్నదే వ్యాకోచత్వం. అమ్మకం శాతాన్ని ధర శాతంతో భాగించాలి. ఇడ్లీ 180 దగ్గర ఆగినప్పుడు పదిని పన్నెండున్నరతో భాగిస్తే 0.8. ఒకటికి లోపు ఉంటే అవ్యాకోచం, జనం పెద్దగా కదల్లేదని అర్థం. 140కి పడితే 2.4. అంటే బాగా కదిలారు. ఈ భావనకి 1890లో ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఎకనామిక్స్’ పుస్తకంలో ఆల్ఫ్రెడ్ మార్షల్ ఒక కొలతను ఏర్పరిచాడు. అప్పటినుంచీ పాఠ్యపుస్తకాలు, వ్యాకోచత్వం ఒకటి దాటితే ధర పెంచొద్దని చెబుతూ వచ్చాయి. అక్కడొక మెలిక ఉంది. ఆ సూత్రం గల్లాపెట్టె గురించి. మన ఇడ్లీ 160 దగ్గర ఆగినప్పుడు వ్యాకోచత్వం 1.6, గల్లా తగ్గింది, అయినా మిగులు పెరిగింది. ఇంటికి తీసుకెళ్లేది మిగులునే కదా.

ఎవరు పోతారు, ఎవరు ఉంటారు

ఆ టిఫిన్ సెంటరుకి వచ్చేవాళ్లంతా ఒకే రకం కాదు. ఏడూ పది బస్సు పట్టుకోవాల్సినవాడు బోర్డు కూడా చూడడు. తిని, చేయి కడుక్కుని, ఫోన్లో డబ్బు కొట్టి పరిగెడతాడు. రోజూ వచ్చే ఆటో డ్రైవర్లు, వెనక వీధి హాస్టల్ కుర్రాళ్లు అలా కాదు. రెండు సందుల అవతల ఇంకో బండి ఉందని, అక్కడ ప్లేటు 35 అని, చట్నీ కాస్త పలచగా ఉంటుందని వాళ్లకి తెలుసు. ధర పెరిగితే ముందు జారుకునేది వీళ్లే. వానాకాలంలోనూ, బస్సులు తక్కువ తిరిగే రోజుల్లోనూ కొట్టుని నిలబెట్టేదీ వీళ్లే. అందుకని మొత్తం మీద ఎంత శాతం తగ్గారు అన్నదానితో సరిపెట్టుకోకుండా, ఎవరు తగ్గారో చూడాలి. రోజువారీ వాళ్లకి నెలవారీ కార్డు పెట్టి పాత ధరే ఉంచి, దారిన పోయేవాళ్లకి కొత్త ధర వేసే హోటళ్లు మన ఊళ్లలో లేకపోలేదు. ఆ ఓనర్లు ఈ పాఠం ఏ కాలేజీలోనూ చదువుకోలేదు.

ఇంకో తేడా కూడా ఇక్కడే తేల్చుకోవాలి. సరుకు వేరు, మీ కొట్టులో ఉన్న సరుకు వేరు. ఉప్పు ధర రెట్టింపయినా పప్పులో ఉప్పు తగ్గించుకునేవాళ్లు ఉండరు. నెల ఖర్చులో దాని వాటా ఎంతని? అంతమాత్రాన ఒక కిరాణా కొట్టాయన తన దగ్గరున్న ఉప్పు ప్యాకెట్ మీద నాలుగు రూపాయలు ఎక్కువ వేస్తే చెల్లుతుందా? ఎదురు కొట్టుకి వెళ్తారు, పైగా కందిపప్పు కూడా అక్కడే కొనుక్కుంటారు. ‘మాది నిత్యావసరం, ఎంతకైనా కొంటారు’ అనే వ్యాపారి పడే బోల్తా ఇదే.

ప్రభుత్వాలూ పడతాయి. 2020 మేలో లాక్‌డౌన్ సడలించి మద్యం దుకాణాలు తెరిచినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ధరలు మొదట 25 శాతం, ఒక్క రోజు తేడాతో మరో 50 శాతం పెంచింది. తాగుడు మాన్పించడానికే అని చెప్పింది. అలవాటుపడినవాడి గిరాకీ ధరకి అంత తేలిగ్గా లొంగదు. కానీ ఆ రాష్ట్రంలో, ఆ దుకాణంలో కొనాలన్న పట్టుదల అతనికేం ఉంటుంది? సరిహద్దు మండలాల్లో చాలామంది దుకాణం మార్చారు. తెలంగాణ, కర్ణాటక సీసాలు చెక్‌పోస్టుల దగ్గర పట్టుబడ్డ వార్తలు ఆ రోజుల్లో పత్రికల్లో మామూలైపోయాయి.

బంగారం దగ్గర ఒక తమాషా కనిపిస్తుంది. 2025 ఏప్రిల్లో పది గ్రాములు లక్ష రూపాయలు దాటింది. పెళ్లికి ఇంత డబ్బు బంగారానికి అని ముందే అనుకున్న మధ్యతరగతి ఇల్లు ఆ డబ్బు మార్చదు, గ్రాములు మారుస్తుంది. హారం నెక్లెస్ అవుతుంది, గాజులు సన్నబడతాయి. పెట్టిన డబ్బు మాత్రం అంతే. పుస్తకంలో వ్యాకోచత్వం సరిగ్గా ఒకటి అని గీసిన వంపు గీత, మన పెళ్లిళ్లలో ఇలా నడుస్తుంది.

ధర సున్నా అయితే ఏమవుతుందో రెండు తెలుగు రాష్ట్రాలూ చూశాయి. 2023 డిసెంబరు 9న తెలంగాణలో, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకి ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. ఒక్కసారిగా బస్సులు నిండిపోయాయి. ఛార్జీకి భయపడి పుట్టింటికీ గుడికీ పెద్దాసుపత్రికీ వెళ్లడం వాయిదా వేసుకున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో అప్పుడు బయటపడింది. గిరాకీ వారంలో లేస్తుంది, బస్సులు వారంలో పుట్టవు. టెండరు, కొనుగోలు, డ్రైవర్లు, డిపో, ఇవన్నీ కుదరాలి. ఆ తేడాయే ఫుట్‌బోర్డు మీద కనిపించింది. మరోపక్క షేర్ ఆటోల గిరాకీ పడిపోయింది. ఒక సేవ ధర మారితే ఇంకో సేవ అమ్మకం మారడాన్ని జాత్యంతర వ్యాకోచత్వం అంటారు. ఆటో డ్రైవర్లకి ఆ పేరు చెప్పక్కర్లేదు, దెబ్బ తగిలింది కాబట్టి. 2025 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాళ్లకి 15,000 రూపాయల చొప్పున సాయం ఇవ్వాల్సి వచ్చింది. మీ వ్యాపారానికి కూడా ఇలాంటి అదృశ్య పోటీదారు ఎవరున్నారో ఆలోచించుకోండి. అది మీ రంగంలోనే ఉండనక్కర్లేదు.

టమాటా రైతు ఎందుకు ఓడిపోతాడు

ఇంతవరకూ కొనేవాళ్ల సంగతి చూశాం. అమ్మేవాడు ఎంత త్వరగా సరుకు పెంచగలడు, తగ్గించగలడు అన్నది రెండో సగం. దాన్ని సప్లయ్ వ్యాకోచత్వం అంటారు. మన దగ్గర దీనికి మదనపల్లె మార్కెట్ యార్డు కంటే మంచి బడి లేదు.

2023 జులైలో అక్కడ టమాటా కిలో వంద దాటి రెండు వందల దరిదాపులకి వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుబజార్లలో 50 రూపాయలకి అమ్మించింది. జనం క్యూలు కట్టారు. చేలకి కాపలా పెట్టుకున్న రైతుల గురించి టీవీల్లో చూపించారు. అదే ఏడాది సెప్టెంబరు వచ్చేసరికి ధర నేల చూసింది. కర్నూలు జిల్లాలో కోత కూలి కూడా రాదని రైతులు పండ్లు రోడ్డు పక్కన పారబోశారు. రెండు నెలల్లో ఇంత తేడా ఎందుకు? జనం టమాటా తినడం మానేశారా?

కాదు. జులైలో ధర చూసి అందరూ నారు నాటారు. నాటిన దగ్గర్నుంచి మొదటి కోతకి అరవై, డెబ్బై రోజులు పడుతుంది. కాబట్టి జులైలో ఎంత ధర పలికినా ఆ నెలలో ఒక్క కిలో అదనంగా రాదు. సెప్టెంబరులో అందరి పంటా ఒకేసారి దిగుతుంది, అప్పుడు ఒక్క కిలో వెనక్కి పట్టడం ఎవరి వల్లా కాదు. ఈ తిరగలిని అర్థశాస్త్రంలో సాలెగూడు సిద్ధాంతం అంటారు. 1938లో మోర్దకై ఎజికియెల్ అనే అమెరికన్ దీని గురించి రాసిన వ్యాసం ప్రసిద్ధం. ఈ ఏటి ధర చూసి వచ్చే పంట వేస్తే, ధర ఒకసారి అటు, ఒకసారి ఇటు కొట్టుకుంటూనే ఉంటుంది.

ఇక తినేవాళ్ల వైపు చూడండి. కిలో ఐదు రూపాయలైనా ఇంట్లో చారు రెండు గిన్నెలు కాచుకోరు. కిలో నూట యాభై అయితే ఇల్లాలు చింతపండుతోనో నిమ్మకాయతోనో గడిపేస్తుంది, కొంత తగ్గిస్తుంది. చవకైనప్పుడు మాత్రం ఆ మేరకు పెంచదు, పొట్ట పట్టాలి కదా. పదిహేడో శతాబ్దం చివర్లో ఇంగ్లండ్ గోధుమల గురించి గ్రెగరీ కింగ్ పేరుతో ఒక లెక్క ప్రచారంలోకి వచ్చింది. 1699లో చార్లెస్ డేవనంట్ దాన్ని అచ్చు వేయించాడు. పంట పదో వంతు తగ్గితే ధర పదింట మూడు వంతులు పెరుగుతుంది, ఐదో వంతు తగ్గితే పదింట ఎనిమిది వంతులు. వేసి చూడండి. నూరు బస్తాలు నూరు రూపాయల చొప్పున అమ్మితే పదివేలు. పంట తగ్గి ఎనభై బస్తాలే వస్తే, నూట ఎనభై చొప్పున 14,400. దేశంలో పంట తగ్గిన ఏడాది రైతుల చేతికి ఎక్కువ డబ్బు, బాగా పండిన ఏడాది తక్కువ. పండితే ఏడుపు, పండకపోతే ఏడుపు అని మన రైతు అనేది ఊరికే కాదు. పండనిది తన ఒక్కడి చేనే అయితే ఆ పెరిగిన ధర కూడా అతనికి దక్కదు.

యార్డులో వేలం దగ్గర నిలబడి చూస్తే అసలు విషయం తెలుస్తుంది. పండు ఎర్రబడి పెట్టెలోకి ఎక్కింది. వెనక్కి తీసుకెళ్తే బాడుగ మళ్లీ దండగ, రెండు రోజులు ఆగితే మెత్తబడుతుంది. రైతుకి ఆ పొద్దున అమ్మడం తప్ప దారి లేదు. కొనే వ్యాపారికి ఉంది: ఈ లాటు కాకపోతే పక్క లాటు, ఈ యార్డు కాకపోతే కోలారు. ఇద్దరిలో ఎవరు కదలగలరో వాళ్ల మాట చెల్లుతుంది. కదల్లేనివాడు ఆ రోజు ఎంతంటే అంతకి ఇచ్చుకోవాలి. సుంకం వేసినా, డీజిల్ పెరిగినా, కూలి పెరిగినా, చివరికి ఆ భారం ఎవరి మీద పడుతుందన్నది కూడా ఇలాగే తేలుతుంది. ఎవరు మంచివాళ్లు, ఎవరు దోపిడీదారులు అన్న చర్చ తర్వాత పెట్టుకోవచ్చు.

గుంటూరు మిర్చి రైతు పరిస్థితి కాస్త నయం. ఎండు మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఆగుతుంది. ధర లేదంటే బస్తాలు లోపల పెట్టి, రసీదు మీద అప్పు తెచ్చుకుని, నాలుగు నెలలు ఆగొచ్చు. అంటే అతను తన సప్లయ్‌కి కొంత కదలిక కొనుక్కుంటున్నాడు, అద్దె, వడ్డీ ఇచ్చి. అది కూడా ఒక హద్దు వరకే. అందరూ దాచుకుంటే ఆ నిల్వలే మరుసటి ఏడాది కొత్త పంట నెత్తిన కూర్చుంటాయి. 2025 మొదట్లో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలు లెక్కగట్టి మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది.

టమాటా రైతు చేయగలిగింది బొత్తిగా లేదా? కొంత ఉంది. రెండెకరాలు ఒకేసారి నాటకుండా పదిహేను రోజుల ఎడంతో మూడు ముక్కలుగా నాటితే, ఏదో ఒక ముక్క మంచి ధరకి తగులుతుంది, అన్నీ కలిసి మునగవు. అంతకంటే ముఖ్యం, యార్డు ధర చూసి నిర్ణయం తీసుకోవద్దు. నర్సరీకి వెళ్లి అడగండి. నారు దొరకడం లేదు, వారం ఆగమంటున్నారంటే, రెండు నెలలు దాటాక యార్డు నిండబోతోందన్నమాట. నారు మిగిలిపోయి తక్కువకి ఇస్తున్నప్పుడు నాటినవాడికే అవకాశం ఎక్కువ. ఇది జూదం కాదని నేననను, కళ్లు తెరిచి ఆడే జూదం.

రెండు చేతుల సప్లయ్

రైతుకి పొలం ఎలాగో, పనిమంతులకి చేతులు అలాగ. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే ఆమెనే తీసుకోండి. రోజుకి లైనింగ్ జాకెట్లు నాలుగు కుట్టగలదు. శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికి అందరికీ అదే శుక్రవారం లోపు కావాలి. ‘అక్కా, నాదొక్కటీ ఎలాగైనా’ అని పది మంది పట్టుకుంటారు. ఆమె మొహమాటానికి అన్నీ ఒప్పుకుంటుంది, పాత రేటుకే. రాత్రి రెండింటి దాకా కుట్టినా సగం అందించలేదు. వ్రతం నాడు ఆ సగం మందీ తిట్టుకుంటారు. ఒళ్లు హూనం, పేరు పాడు, డబ్బు మాత్రం మామూలు నెలకంటే పెద్దగా ఎక్కువ రాదు.

ఆ నెలలో ఆమె సప్లయ్ పూర్తిగా అవ్యాకోచం, గిరాకీ కూడా దాదాపు అంతే. ఇలాంటప్పుడు ధర పెంచడం అత్యాశ కాదు, వరుస తేల్చే పద్ధతి. అత్యవసరమైనవాళ్లు ఎక్కువ ఇచ్చి చేయించుకుంటారు, మిగతావాళ్లు వినాయక చవితి దాకా ఆగుతారు. మొహమాటం అడ్డొస్తే ఇలా చేయొచ్చు: పాత రేటు ఆషాఢంలో ఇచ్చినవాళ్లకి, వ్రతానికి పది రోజుల ముందు ఇచ్చేవాళ్లకి వంద ఎక్కువ అని జూన్‌లోనే గోడకి కాగితం అంటించాలి. ముందే చెప్పిన ధర మీద ఎవరూ గొడవ పడరు. రెండో పని, హెమ్మింగు, హుక్కులు, కాజాలు పక్కింటి అమ్మాయికి ముక్కకి ఇంత అని ఇచ్చేయాలి. కత్తిరింపు, కుట్టు తన చేతిలో ఉంచుకుంటే నాలుగు ఆరవుతాయి. ఇదే సప్లయ్‌కి కదలిక తెచ్చుకోవడం. ట్యూషన్ చెప్పేవాళ్లకీ, పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లకీ, ఏసీ మెకానిక్కులకీ ఇదే లెక్క. ఏప్రిల్లో ఏసీ సర్వీసింగుకి జనవరి రేటే తీసుకునే మెకానిక్కు మంచివాడే కావచ్చు, జులైలో ఖాళీగా కూర్చుంటాడు.

కొలిచేటప్పుడు చేసే తప్పులు

ఇప్పుడు మీ వ్యాపారంలో ఈ వ్యాకోచత్వం అంకె ఎంతో తెలుసుకోవాలి. ఎవరినీ అడగొద్దు. ‘ధర పెంచితే వస్తారా?’ అని అడిగితే ప్రతివాళ్లూ రామనే చెబుతారు. పెంచి చూడటమే దారి. దానికీ ఒక పద్ధతి ఉంది.

ఒక్క వస్తువు ధర మాత్రమే మార్చండి. ఇడ్లీ, దోసె, టీ మూడూ ఒకే రోజు పెంచితే ఎవరు దేనికి పోయారో తెలియదు. మార్చడానికి ముందు రెండు వారాలు, మార్చాక రెండు వారాలు, సోమవారానికి సోమవారం, ఆదివారానికి ఆదివారం పోల్చండి. ఆ నాలుగు వారాల్లో పండగ, పరీక్షలు, వానలు పడకుండా చూసుకోండి. కార్తీకమాసంలో బిర్యానీ ధర పెంచి, గిరాకీ సగానికి పడిపోయిందని గగ్గోలు పెట్టే హోటలాయనకి ఏం చెప్పాలి? నాన్‌వెజ్ మానేసినవాళ్లు మీ ధర చూసి మానలేదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చికెన్ ధర తగ్గింది, అమ్మకమూ తగ్గింది. ధరకి స్పందించి జనం కదలడం ఒకటి, గిరాకీయే చోటు మారడం ఇంకొకటి. రెండో దాన్ని మొదటిదిగా లెక్కేస్తే తప్పు అంకె చేతికొస్తుంది, దాంతో తప్పు నిర్ణయం.

ఎంతకాలం ఆగి చూడాలన్నది మీ వ్యాపారాన్ని బట్టి ఉంటుంది. టిఫిన్ గిరాకీ వారంలో కదులుతుంది. ట్యూషన్ ఫీజు నవంబరులో పెంచితే ఎవరూ మాన్పించరు. సణుగుతూ కడతారు. చూశారా, ఏమీ కాలేదని మీరు సంతోషపడతారు. జూన్‌లో సగం పిల్లలు కనిపించరు. పెట్రోలు పెరిగిన మర్నాడు ఎవరూ బండి తీయడం మానరు, కానీ తర్వాత కొనే బండి ఎలక్ట్రిక్‌ది అవుతుంది. కాలం గడిచేకొద్దీ అందరికీ దారులు దొరుకుతాయి. గట్టిగా గొడవపడేవాళ్ల గురించి అంత కంగారు అక్కర్లేదు, వాళ్లు చాలావరకు ఉండిపోతారు. మాట్లాడకుండా రావడం మానేసినవాళ్ల పేర్లు రాసుకోండి.

మీరు అమ్మే సరుకు మీ కాలమే అయితే

ఉద్యోగులు ఈ పాఠం తమది కాదనుకోవచ్చు. యార్డులో టమాటా రైతు పరిస్థితి ఇంకోసారి తలచుకుని, తర్వాత హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని చూడండి. ఫ్లాటు మీద ఇరవై ఏళ్ల ఈఎంఐ. ఏడేళ్లుగా ఒకే కంపెనీలో, ఆ కంపెనీ తనకోసం తయారుచేసుకున్న టూల్ మీదే పని. అది బయట ఎవరికీ అక్కర్లేదు. జీతం ఐదు శాతం పెంచినా, అసలు పెంచకపోయినా సోమవారం పొద్దున లాగిన్ అవుతాడు. ఆ సంగతి ఆయన మేనేజరుకి తెలుసు. చాలా కంపెనీలు 90 రోజుల నోటీసు పీరియడ్ పెట్టడంలో కూడా ఈ లెక్క ఉంది. మూడు నెలలు ఎవరు ఎదురుచూస్తారని బయటి కంపెనీ వెనక్కి తగ్గుతుంది. అమెరికాలో హెచ్-1బి మీద ఉన్న మన పిల్లల సంగతి ఇంకా బిగువు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి మామూలుగా దొరికే గడువు 60 రోజులు. ఆ గడువు నెత్తిన వేలాడుతుంటే జీతం గురించి గట్టిగా ఎవరు మాట్లాడగలరు?

పని ఎంత బాగా చేస్తున్నారన్నది జీతంలో కొంత భాగాన్నే నిర్ణయిస్తుంది. వద్దు అనగలిగే స్థితిలో ఉన్నారా లేదా అన్నది మిగతా భాగాన్ని నిర్ణయిస్తుంది. ఆ స్థితి ఇంక్రిమెంటు మీటింగులో పుట్టదు. మిర్చి రైతు అద్దె కట్టి కొనుక్కున్నట్టు ముందే కొనుక్కోవాలి. ఆరు నెలల ఇంటి ఖర్చు, ఈఎంఐతో సహా, కదపకుండా బ్యాంకులో ఉండాలి. వేరే కంపెనీలు కూడా డబ్బిచ్చి కొనే పని ఒకటి చేతిలో ఉండాలి. మారే ఉద్దేశం లేకపోయినా ఏడాదికి రెండు ఇంటర్వ్యూలకి వెళ్లి రావాలి, మార్కెట్లో మీ ధర ఎంతో తెలియాలి కాబట్టి. ఇల్లు కొనేటప్పుడు బ్యాంకు ఇస్తానన్నంతా అప్పు తీసుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. అప్పు పెరిగేకొద్దీ మీరు కదల్లేరు, కదల్లేనివాళ్లతో ఎవరూ బేరం ఆడరు.

మీ కంపెనీలో జీతాల సమీక్ష ఏప్రిల్లో అయితే ఈ పనులు అక్టోబరులో మొదలుపెట్టండి. మార్చిలో మొదలుపెడితే ఈ ఏటికి ప్రయోజనం ఉండదు.